పరాంకుశం గారి బూజు

పైడిరాజు నెలన్నరగా గురువుగారి కళ్ళలోకి సూటిగా చూడటం లేదు.

ఆవిడ టీ అందిస్తే గ్లాసు వంక చూస్తాడు. పని చెబితే బల్ల వంక చూస్తాడు. "ఒంట్లో బాగుండలేదా?" అని అడిగితే "చలి కదండీ" అంటాడు. చింతపల్లి కొండల్లో మాఘమాసపు చలి ఎవరికైనా ఉంటుంది కాబట్టి ఆ మాట చెల్లిపోయింది.

అసలు సంగతి వేరు. అతను పరాంకుశం గారి బూజును చంపేశాడు. చంపి ఊరుకుంటే ఒక దారి. దాని చోట ఇంకో బూజును పెట్టి, ఏమీ జరగనట్టు తిరుగుతున్నాడు.

బూజు పోతే ఇంత బాధేమిటి అని మీకు అనిపించవచ్చు. ఇళ్ళలో మనం చీపురుతో దులిపి పారేసేదే కదా. ఇది ఆ రకం కాదు.

కాఫీ తోటల మధ్య మూడు గదుల పరిశోధన కేంద్రం ఒకటి ఉంది. దాన్ని నడిపేది పైడిరాజు గురువు డాక్టర్ తాయారు. అరవై దాటిన మనిషి, సన్నగా ఉంటుంది, చెవులకు మఫ్లర్ చుట్టుకుని, మైక్రోస్కోపు ముందు కూర్చుంటే భోజనం వేళ కూడా గుర్తుండదు. కర్రను తొలిచే పురుగులు, అవి మోసుకు తిరిగే బూజులు, ఇవే ఆవిడ చదువు.

ఆ పురుగులు కర్రను తొలుస్తాయి గానీ కర్రను తినవు. నువ్వుగింజంత పెంకుపురుగు. దాని ఒంట్లో ఒక చిన్న సంచి. పుట్టిన దుంగ నుంచి ఎగిరిపోయేటప్పుడు ఆడపురుగు ఆ సంచిలో కాస్త బూజును పట్టుకుపోతుంది, పుట్టింటి నుంచి పెరుగు తోడు పట్టుకెళ్ళినట్టు. కొత్త దుంగలో సొరంగం తొలిచి, దాని గోడలకు ఆ బూజు అంటించి, అది పెరిగాక పిల్లలకు పెట్టి తానూ తింటుంది. లక్షల ఏళ్ళుగా వాటి సేద్యం అది.

ఏ పురుగు మోసే బూజు ఏ బూజుకి చుట్టం, ఎవరు ఎవరి నుంచి ఎప్పుడు విడిపోయారు అని తేల్చడమే ఆ మూడు గదుల్లో జరిగే పని. గోడ మీద ఒక పెద్ద వంశవృక్షం ఉంది. పెన్సిల్‌తో గీసింది. ఏడాదికోసారైనా ఏదో ఒక కొమ్మను చెరిపి వేరే చోట గీయాల్సి వస్తుంది కాబట్టి పెన్సిలే నయం. ఒక్క కొమ్మ చివర మాత్రం పేరు సిరాతో రాసి ఉంది. అదే పరాంకుశం గారిది.

పరాంకుశం గారు తాయారు గురువు. ఈ పురుగుల కోసం ఈ కొండలకు రేకు పెట్టె ఒకటి పట్టుకుని వచ్చిన మొదటి మనిషి ఆయనే. పడిపోయిన పనసచెట్టు దుంగలో ఒక పురుగును, దాని దగ్గర ఎవరూ అంతకుముందు చూడని బూజును కనిపెట్టారు. దాని గురించి రాసేలోగా పోయారు. ఆ రాత తాయారు పూర్తిచేసి, బూజుకు ఆయన పేరే పెట్టింది. ఇది జరిగి ముప్పై ఒక్కేళ్ళు.

ఈ చదువులో ఒక పద్ధతి ఉంది. పేరు పెట్టినవాళ్ళు ఆ పేరు దేనికి పెట్టారో దాన్ని దాచి చూపించాలి. విశాఖలో భద్రపరచిన జంట నమూనా హుద్‌హుద్ తుఫానుకు తడిసి పాడైపోయింది. మిగిలింది తాయారు దగ్గరున్న ఒకే ఒక్క గాజు ట్యూబు. అందులో తిండిగా పోసి గడ్డకట్టించిన అగర్ జావ మీద ఆ బూజు పెరుగుతూ ఉండేది. నెలకోసారి దాన్ని కొత్త జావ మీదికి మార్చాలి. ముప్పై ఒక్కేళ్ళలో ఒక్క నెల తప్పలేదు.

పోయిన ఏడాది ఆవిడ ఆ ట్యూబును పైడిరాజు చేతిలో పెట్టింది. "ఇకనుంచి ఇది నువ్వు చూసుకో" అంది. అంతే, వేరే సందడేమీ లేదు. కానీ ఆ సాయంత్రం పైడిరాజు విజయనగరం ఫోను చేసి వాళ్ళమ్మకు అరగంట సేపు చెప్పాడు. బూజు అప్పగించడమేమిటో ఆవిడకు బోధపడలేదు. కొడుకు సంతోషం మాత్రం బోధపడింది.

పైడిరాజు చురుకైనవాడు. చురుకైనవాడినని వాడికి బాగా తెలుసు కూడా, చిక్కు అక్కడే వచ్చింది.

ట్యూబులుండే స్టాండు కాళ్ళ కింద తాయారు నాలుగు గిన్నెల్లో కిరోసిన్ పోసి ఉంచుతుంది, చీమలు పట్టకుండా పాల అలమర కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టినట్టు. ఇది చీమలకు కాదు, నల్లికి. మిరపచేలను పీల్చే నల్లికి దూరపు చుట్టం. కంటికి ఆనదు, దూదిబిరడా లోంచి కూడా దూరిపోతుంది. ఒక ట్యూబులో బూజు తిని, ఒంటికి అంటిన దుమ్ముతో ఇంకో ట్యూబులోకి నడుస్తుంది.

మార్గశిరంలో పైనుంచి తనిఖీకి ఎవరో వస్తున్నారన్నారు. ఆ వాసన, ఆ సొట్ట గిన్నెలు పైడిరాజుకి నామోషీ అనిపించాయి. "ఇంకా ఏ కాలంలో ఉన్నాం మనం?" అని తనలో తను అనుకుని గిన్నెలు తీసి చాటుగా పెట్టాడు. వచ్చినవాళ్ళు వచ్చారు, టీ తాగారు, వెళ్ళారు. గిన్నెలు మళ్ళీ పెట్టడం మర్చిపోయాడు.

నెల తిరిగేసరికి జావ మీద సన్నటి కాలిబాటలు కనిపించాయి. మూడు ట్యూబులు పోయాయి. రెండింటికి వేరే చోట నకళ్ళున్నాయి, తెప్పించుకున్నాడు. మూడోది పరాంకుశం గారిది. కొత్త జావ మీద పదకొండుసార్లు నాటి చూశాడు. పరాయి పచ్చబూజు తప్ప ఏమీ లేవలేదు.

ఆ రోజే చెప్పి ఉంటే సరిపోయేది. చెబుదామనే తాయారు గది గుమ్మం దాకా వెళ్ళాడు. ఆవిడ అప్పుడే తలెత్తి, "మాస్టారి బూజు ఎలా ఉంది?" అని అడిగింది. ఎవరింట్లోనో పెద్దాయన ఆరోగ్యం అడిగినట్టు అడిగింది. పైడిరాజు నోటి వెంట "బాగుందండి" అని వచ్చేసింది.

వచ్చేసిన మాటను నిలబెట్టుకోవాలి కదా. కాఫీ కొమ్మలు తొలిచే పురుగు ఒకటుంది. అది మోసే బూజు చూడటానికి అచ్చం పరాంకుశం గారి బూజే. అదే బూడిదరంగు, అదే సన్నటి పొడుగాటి మెడ, మెడ చివర అదే జిగురు బొట్టు. పైడిరాజు లెక్క ప్రకారం ఆ రెండు పురుగులు దాయాదులు. తల్లిపురుగు కూతురికి, కూతురు మనవరాలికి బూజును అందిస్తూ వస్తాయి కాబట్టి, పురుగులు దాయాదులైతే బూజులూ దాయాదులే అవ్వాలి. వాడి పరిశోధనంతా ఆ లెక్క మీదే నడుస్తోంది. తేడా ఉన్నా వెంట్రుకవాసి ఉంటుందనుకున్నాడు. కాఫీ బూజును కొత్త ట్యూబులో నాటి, పాత చీటీ దానికి అంటించాడు.

గిన్నెల్లో మళ్ళీ కిరోసిన్ పోశాడు. ఆ తర్వాత నెలన్నరా గ్లాసుల వంకా బల్లల వంకా చూస్తూ గడిపాడు.

వాడికి తెలియంది ఏమిటంటే, తాయారు గోడ మీది చెట్టును ఈసారి డీఎన్ఏతో సరిచూడాలని ముచ్చటపడి, స్టాండులోని నలభై ట్యూబుల నుంచీ తలా కాస్త తీసి హైదరాబాదు పంపించింది. ఆ నలభైలో ఆ ట్యూబూ ఉంది.

ఫలితాలు వచ్చిన రోజు ఉదయం ఆవిడ వాడిని పిలిచింది. బల్ల మీద కాగితాలు పరిచి ఉన్నాయి.

"చూశావా పైడీ, మాస్టారి బూజు కొత్తది కాదట. కాఫీ పురుగు బూజేనట. డీఎన్ఏలో ఒక్క అక్షరం తేడా లేదు" అంది.

పైడిరాజు బల్ల వంక చూశాడు.

"మిగతా పనస బూజులకు ఇది ఏ మాత్రం చుట్టం కాదు. చెట్టుకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. నీ లెక్క కూడా పోయింది నాయనా. పనస పురుగులూ కాఫీ పురుగూ దాయాదులే, వాటి బూజులు మాత్రం ఎవరికి ఎవరూ కాదు."

"మరి అంత పోలికగా ఎందుకున్నాయండీ?" అన్నాడు పైడిరాజు.

"పురుగు ఒంటికి అంటుకుని పోవాలంటే మెడ సాగాలి, చివర జిగురుండాలి. బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళంతా ఒకేలా వేలాడతారు. ఒక తల్లి పిల్లలనుకుంటామా?" అని నవ్వింది. నవ్వుతూనే గోడ మీది సిరా పేరు వంక చాలాసేపు చూసింది. "ముప్పై ఒక్కేళ్ళు నేను అలాగే అనుకున్నాను మరి."

కాఫీ బూజుకు అంతకు ఎనిమిదేళ్ళ ముందే వేరే దేశంలో ఎవరో పేరు పెట్టి ఉన్నారు. ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. పరాంకుశం గారి పేరు ఇక పుస్తకాల్లో ఉండదు.

"కాగితం తీసుకో. ఉత్తరం చెబుతాను" అంది తాయారు.

"కంప్యూటర్లో కొట్టనా మేడం?"

"వద్దు. ఆ పేరు పెట్టినప్పుడు చేత్తో రాశాను. తీసేసేటప్పుడూ చేత్తోనే రాద్దాం. ముందు తెలుగులో రాయి. ఏం చెప్పాలో మనకు తేలాక ఇంగ్లీషులో పెట్టుకోవచ్చు."

ఆవిడ పద్ధతే అంత. పైడిరాజు కూర్చున్నాడు. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి, తొందరేమీ లేకుండా చెప్పడం మొదలుపెట్టింది.

"ముప్పై ఒక్కేళ్ళ కిందట నేను కొత్తదని ప్రకటించి, మా గురువుగారి పేరు పెట్టిన బూజు కొత్తది కాదని తేలింది. కాబట్టి ఆ పేరును వెనక్కి తీసుకుంటున్నాను. రాశావా?"

"రాశానండి."

"ఈ పొరపాటు మా గురువుగారిది కాదు. ఆయన కొత్తదేమోనని అనుమానపడ్డారంతే. కొత్తదే అని చెప్పింది నేను."

"రాశానండి."

"ట్యూబు మారిపోయి ఉంటుందేమో అని ఎవరైనా అడగవచ్చు. మారలేదు. నెల తప్పకుండా నేనూ నా శిష్యులూ దాన్ని కాపాడుతూ వచ్చాం. ఇప్పుడు పైడిరాజు కాపాడుతున్నాడు. నా మీద నాకు ఎంత నమ్మకమో అతని మీదా అంతే. అందువల్ల తప్పు ట్యూబులో లేదు, నాలో ఉంది."

కలం కదలడం ఆగిపోయింది.

"నాలో ఉంది దాకా వచ్చావా?"

పైడిరాజు తల ఇంకా కిందికి వంచాడు.

"కింద నా సంతకం ఉంటుంది. పక్కన నీది పెట్టు. దాన్ని చూసుకునేది నువ్వు కదా."

పైడిరాజు కాగితం వంక చూశాడు. "అతని మీదా" అన్న చోట సిరా మరక పడి పెద్దదవుతోంది. ఒక్క సంతకం పెడితే చాలు, తన తప్పు ఎప్పటికీ బయటపడదు. ఆ మహానుభావుడి పేరు మాత్రం పోతుంది. ఈవిడ తనది కాని తప్పు నెత్తిన వేసుకుని మిగతా జీవితం గడిపేస్తుంది.

"మేడం," అన్నాడు, "తప్పు ట్యూబులోనే ఉందండి."

ఆవిడ కిటికీ వైపు నుంచి తిరగలేదు.

"నేను మార్చేశానండి. అసలుది చచ్చిపోయింది. నేనే చంపేశాను. పోలికగా ఉందని కాఫీది పెట్టేశాను. చెబుదామనే వచ్చానండి ఆ రోజు, మీరు ఎలా ఉందని అడిగేసరికి భయమేసి..." ఇరవై ఏడేళ్ళ కుర్రాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నల్లి పట్టిందా?" అంది తాయారు.

"మీకెలా తెలుసండీ?"

"తీసిన గిన్నెలు ఎవరూ చెప్పకుండానే మళ్ళీ కాళ్ళ కిందికొచ్చాయి. అందులోనూ నిండుగా ఉన్నాయి. నేను అంత కిరోసిన్ ఎప్పుడూ పోయలేదు."

ఆవిడకు ముందే ఎంతవరకు తెలుసో పైడిరాజుకి ఈనాటికీ తెలియదు. అడగడానికి మొహం చెల్లక ఊరుకున్నాడు.

"నన్ను పంపించెయ్యండి మేడం."

"ఎక్కడికి?"

"ఇంటికండి."

"ఇంటికెళ్ళి ఏం చేస్తావు? అక్కడ మీ అమ్మ వంక చూడకుండా బల్ల వంక చూస్తావా?" అంది. "పాత ట్యూబు ఏం చేశావు?"

"పెట్టెలో ఉందండి. బట్టల కింద. పారెయ్యడానికి చెయ్యి రాలేదు."

"పట్రా."

పరుగున వెళ్ళి తెచ్చాడు. ఎండి ముడుచుకుపోయిన జావ, దాని మీద పచ్చటి పరాయి బూజు, అంచున ఒక చోట గోరంత బూడిదరంగు. తాయారు ఆ ట్యూబును రెండు చేతుల్లో పట్టుకుంది. ఆవిడకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. మఫ్లర్ కొసతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ ట్యూబు వంక చూసి, మళ్ళీ తుడుచుకుంది. తిట్టి ఉంటే బాగుండేదని పైడిరాజు అనుకున్నాడు.

కాసేపటికి ఆవిడే అంది, "టీ పెట్టు. అల్లం ఎక్కువ వెయ్యి. తాగి పని మొదలుపెడదాం."

"ఏం పనండీ?"

"చచ్చినవాటి డీఎన్ఏ కూడా చదవచ్చు. ఆ గోరంత ముక్క గీకి పంపు. దీంతోపాటు మనం ఏం చేశామో కూడా రాసి పంపు. ఏమొచ్చినా ఒప్పుకుందాం."

'మనం' అన్న మాట పైడిరాజు విన్నాడు.

రాసిన ఉత్తరాన్ని ఆవిడ చింపలేదు. మడిచి సొరుగులో పెట్టింది. ఫలితం ఎటు వస్తుందో ఎవరికి తెలుసు? నిజంగానే కొత్తది కాదని తేలితే అది కావాలి.

తర్వాతి మూడు వారాలు పైడిరాజు కొండంతా తిరిగాడు. పడిపోయిన పనసచెట్టు ఎక్కడుందో తెలిస్తే చెప్పమని సంతలో అందరినీ అడిగాడు. కాఫీ పళ్ళు కోసే బొంజన్న తన పొలం గట్టున కూలిన చెట్టు చూపించి, "పురుగు పట్టిన దుంగ కోసం ఇంత దూరం వచ్చినోడిని నిన్నే సూసినాను బాబూ" అని నవ్వాడు. పైడిరాజు దుంగలు చీల్చాడు, పురుగులు పట్టాడు, వాటి సంచుల్లోంచి బూజు తీసి నాటాడు. పద్దెనిమిదిసార్లు వేరే ఏవేవో లేచాయి. పందొమ్మిదోసారి పొడుగాటి మెడ, జిగురు బొట్టు కనిపించాయి. ఈసారి పోలిక చూసి పొంగిపోలేదు. దాన్నీ హైదరాబాదు పంపాడు.

గోరంత ముక్కలో పరాయి బూజు కలిసిపోవడంతో మూడుసార్లు చదివితే గానీ తేలలేదు. తేలింది మాత్రం స్పష్టంగా తేలింది. పరాంకుశం గారి బూజు కాఫీ దానికి చుట్టం కాదు. మిగతా పనస బూజులకూ మరీ దగ్గరిది కాదు. ఎప్పుడో విడిపోయి, ఒంటరిగా, ఒక చిన్న కొమ్మ మీద తనదారిన తను బతుకుతోంది. పందొమ్మిదో ట్యూబులోదీ అదే.

పేరు నిలిచింది.

తాయారు సొరుగులోని ఉత్తరం తీసి పొయ్యిలో పడేసింది. పైడిరాజు ఆవిడ కాళ్ళ మీద పడబోతే, "లే, లే, గాజు సామాన్లున్నాయి" అని వారించింది.

ఆ సాయంత్రం ఆవిడ బీరువాలోంచి ఖాకీ గుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం ఒకటి తీసింది. పైడిరాజు అంతకుముందు దాన్ని చూడలేదు.

"పాత ట్యూబు ఇక లేవదని రూఢి అయింది కదా. ఇందులో ఎక్కించాలి" అంది.

మొదటి పేజీలో పాతకాలపు గుండ్రటి చేతిరాత. స్కేలుతో గీసిన గళ్ళు. ఏది పోయింది. ఎందువల్ల. ఎవరివల్ల. చెప్పడానికి ఎన్ని రోజులు పట్టింది.

మొదటి వరుస పైడిరాజు చదివాడు. "మామిడి పురుగు బూజు. పెట్టెను నర్సీపట్నం బస్సు టాపు మీద ఎండలో పెట్టాను. పరాంకుశం." ఆఖరి గడిలో అంకె లేదు. "చెప్పడానికి ఎవరూ లేరు. అందుకే ఇక్కడ చెబుతున్నాను" అని రాసి ఉంది.

దాని కింద వరుస. "వేపదుంగ బూజు. ఫ్రిజ్ తలుపు సరిగ్గా వెయ్యలేదు. తాయారు. ఐదువందల నలభై."

పైడిరాజు తలెత్తాడు. చాలా రోజుల తర్వాత ఆవిడ కళ్ళలోకి సూటిగా చూశాడు.

"ఏడాదిన్నరా మేడం?"

"మాస్టారు మంచాన పడ్డాక చెప్పాను. నవ్వి, దిండు కింద నుంచి ఈ పుస్తకం తీసి ఇచ్చారు."

ఇంకా కింద ఫాతిమా, ఆరు. జయశీలన్, తొంభై. వాళ్ళెవరో పైడిరాజుకి తెలియదు. తనకంటే ముందు ఈ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళని మాత్రం అర్థమైంది. వేలితో ఆ పేర్ల మీదుగా పైనుంచి కిందికి ఒకసారి తడిమాడు. ఆవిడ కలం అందించింది.

పరాంకుశం గారి బూజు, అని రాశాడు. గిన్నెలు తీసేశాను, నల్లి. పైడిరాజు. ఆఖరి గడి దగ్గర ఒక్క క్షణం ఆగి, వేళ్ళ మీద లెక్కపెట్టి, నలభై ఏడు అని రాశాడు.

తాయారు కళ్ళజోడు పైకి నెట్టుకుని చదివింది. తర్వాత స్కేలు వాడి వైపు జరిపింది.

"కింద ఇంకో వరుస గీసి ఉంచు."

"ఎందుకండీ?"

"రేపు నీ దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కడ రాసుకుంటారు?"